తేరేటిలంక నాలుగో రాయి

మొదటి రోజు

తేరేటిలంక తెప్పల మీద కాపురముండు సకల జనులకును, వారి కోళ్ళకును, బాతులకును ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: సూరమ్మ గారి బాతు నేటి నుండి ఎవరి తెప్ప మీద గుడ్డు పెట్టునో ఆ గుడ్డు ఆ తెప్పవారికే చెందును. బాతు మాత్రము సూరమ్మ గారిదే. రెండు తెప్పల నడుమ మోకు మీద గుడ్డు పెట్టిన యెడల, అది నీళ్ళలో పడక మునుపు పట్టుకున్నవారిదగును. పొరుగువారు ఆరవేసిన నాచును తొక్కిన కోడికి మూడు పూటల గంప శిక్ష విధించడమైనది.

ఇది చదువుతున్న అధికారి గారికి నమస్కారం. పైన రాసింది ఈ పుస్తకంలో ఉండకూడదని నాకూ తెలుసు. కలం నడుస్తోందో లేదో చూసుకుందామని రాశాను. నడుస్తోంది. మీ రూలు ప్రకారం ఇందులో రాసినది కొట్టెయ్యకూడదు, గీకకూడదు, పేజీ చింపకూడదు. కాబట్టి బాతు మీతోపాటు చివరిదాకా వస్తుంది.

నా పేరు సంగాని నాగభూషణం. వయసు యాభై ఒకటి. చదువు ఏడో తరగతి సగం. నేను తప్పానని ఊళ్ళో చెబుతారు, నమ్మకండి. నేను ఏడులో ఉండగా బడి మునిగింది. బడితోపాటు లంక మొత్తం మునిగింది. అప్పటినుంచి మా ఊరు అరవై మూడు తెప్పలు, ఒకదానికొకటి మోకులతో కట్టుకుని, పాత ఊరికి సరిగ్గా పైన తేలుతోంది.

ఈ పుస్తకం రాసే పని నాకు ఎందుకు పడిందంటే, ఊళ్ళో చేత్తో రాయగలవాడిని నేనొక్కడినే. మిగతావాళ్ళందరికీ చెవిపూస ఉంది. అది ఏ రాతనైనా చదివి చెవిలో చెబుతుంది, నోటితో చెప్పింది రాసి పెడుతుంది. ఇక కలంతో ఎవరికేం పని? నాకు మాత్రం చిన్నప్పుడే చెయ్యి తిరిగింది. మేష్టారి కుర్చీ కోడుకు బతికున్న పీతను కట్టినందుకు ‘ఇకపై ఇలా చేయను’ అని అయిదు వందలసార్లు, హాజరు పట్టీలో మా మేకను చేర్చినందుకు వెయ్యిసార్లు రాయించారు. ఆరేళ్ళలో ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు రాశానో దేవుడికే తెలియాలి. అందులో ఒక్కసారి కూడా నిజం రాయలేదు.

రెండో రోజు

నిన్న రాసింది చూసి మా మేనకోడలు దుర్గ చెవిపూసతో చదివించుకుంది. నవ్వలేదు. ‘మావయ్యా, ఇది గవ్వ బతుకు. ఆటలాడకు’ అంది. గవ్వ దుర్గ కూతురు. అందుకని ఈ రోజు బుద్ధిగా రాస్తున్నాను.

మాకు స్వతంత్ర బడి పరగణా కావాలి. అంటే మా పిల్లల చదువు మా హద్దుల్లో మేమే చూసుకునే హక్కు. అది లేని ఊళ్ళలో ఆరేళ్ళు నిండిన పిల్లలను లాంచీలో మెట్టకు తీసుకుపోతారు. అక్కడి హాస్టళ్ళలో పద్దెనిమిదేళ్ళదాకా ఉంచుతారు. మంచి తిండే పెడతారు. కొట్టరు. పిల్లలు తిరిగి రారు, అంతే.

దుర్గ పెద్దవాడు వాసు నాలుగేళ్ళ కిందట వెళ్ళాడు. పోయినేడు వారం రోజులు సెలవిస్తే వచ్చాడు. తెప్ప ఎక్కగానే కక్కుకున్నాడు. నీళ్ళ ఊపు పడలేదట. వాడు పుట్టింది ఆ తెప్ప మీదే. వారం రోజులూ తల్లిని ‘మీరు’ అన్నాడు. వెళ్ళేటప్పుడు థాంక్స్ చెప్పాడు.

వాడి చెల్లెలు గవ్వ. అసలు పేరు గౌరీశ్వరి, అలా పిలిస్తే పలకదు. దానికి ఆరేళ్ళు నిండే రోజు సరిగ్గా ఈ పుస్తకం అరవయ్యో రోజు మర్నాడు. ఆ రోజే లాంచీ వస్తుంది. ఈలోగా పరగణా వస్తే పిల్ల ఉంటుంది. రాకపోతే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవడానికి అయిదేళ్ళు ఆగాలి.

పరగణాకు మూడు షరతులు. మునిగిన పాత ఊరి హద్దు రాళ్ళను మనిషి చేత్తో తాకి సాక్ష్యం చెప్పాలి. ఆ హద్దు లోపల ఆరేళ్ళు నిండని పిల్లలు పన్నెండుమంది ఉండాలి, వాళ్ళ తెప్పలు ఏడాదిగా కదలకుండా ఒకేచోట కట్టి ఉండాలి. అరవై రోజులు ఒకడు చేత్తో దినచర్య రాయాలి, విశేషం లేని రోజు వదిలెయ్యొచ్చు.

ఫోటో చెల్లదు, రికార్డు చెల్లదు. ఎందుకో మీకు తెలిసిందే, కానీ మా ఊరి సంగతి చెబుతాను. దొంగ గొంతుల ఏడు ఉంది కదా, ఆ ఏడు మా ప్రెసిడెంటు గొంతుతో ఎవడో మా తెప్పలన్నీ ఉత్తరాది కంపెనీకి రాసిచ్చేశాడు. వీడియోలో ప్రెసిడెంటు నవ్వుతూ సంతకం పెట్టాడు. అసలు ప్రెసిడెంటు అప్పటికి పోయి నాలుగు నెలలు. ఆ తర్వాతే చట్టం వచ్చింది: నోటి మాట, చేతి తాకిడి, చేతి రాత. ఈ మూడే సాక్ష్యం. యంత్రం ఎంతైనా అబద్ధమాడుతుంది, మనిషైతే కాస్త సిగ్గుపడతాడని కాబోలు.

ఐదో రోజు

పొద్దున ఉప్పు విరిచే మిషను జల్లెడ కడిగాను. రెండు బిందెల మంచినీళ్ళకు అర్ధబిందెడు నాచు పీకాలి. తర్వాత మా బావతో మాట్లాడాను.

మా బావ మల్లాడి పేరయ్య. మా అక్క మొగుడు, దుర్గకు తండ్రి, గవ్వకు తాత. అక్క పోయి ఆరేళ్ళు. వయసు అరవై మూడు. ఈ తీరంలో ఇంకా పనిచేస్తున్న మునక సాక్షి ఆయనొక్కడే.

మునక సాక్షి అంటే నీళ్ళలో మునిగి, అడుగున ఉన్నదాన్ని తాకి వచ్చి చెప్పేవాడు. ఆయన ఎలా చెబుతాడో రాయాలి, ఎందుకంటే అదే ముఖ్యం. పైకి తేలగానే, పీల్చిన మొదటి గాలితో ఒకే ఒక మాట అనాలి. ఉంది, లేదు. ఆ మాటే సాక్ష్యం. రెండో ఊపిరితో చెప్పింది చెల్లదు. ఊపిరందక కొట్టుకుంటున్నవాడికి అబద్ధం అల్లే తీరిక ఉండదని మా తీరంలో తాతల నాటి నమ్మకం. చట్టం రాసినవాళ్ళు దాన్ని అలాగే తీసుకున్నారు. పడవలో సాక్షి, మోకు పట్టే దినచర్యగాడు, ఈ ఇద్దరే ఉండాలి. బెదిరించి చెప్పిస్తారేమోనని మూడోవాడిని నూరు బారల లోపలికి రానివ్వరు.

మోకు బావ నడుముకు కడతాను. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే పైకి తియ్యమని. ఆయన ఊపిరి నా లెక్కలో రెండు వందల అంకెలు. వయసులో ఉండగా మూడు వందలు.

పడవ ఎక్కించుకునేటప్పుడు, చట్టం వచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అబద్ధం చెప్పావా అని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఈ ప్రశ్నకు అంతసేపు ఆలోచించేవాడిని నేనింకెక్కడా చూడలేదు.

‘మీ అక్క పులుసు బాగుందని ఒకసారి అన్నానురా’ అన్నాడు.

పదకొండో రోజు

మొదటి రాయి దొరికింది. నైరుతి మూల, పాత రేవు పక్కన, నాలుగు బారల లోతు. బావ మొదటి మునకకే తేలి ‘ఉంది’ అన్నాడు. అరచేతి నిండా నత్తగుల్లలు గీరుకున్న గీతలు.

ఆ రాయి నాకు గుర్తుంది. చిన్నప్పుడు దాని మీద కూర్చుని బడి ఎగ్గొట్టేవాణ్ణి. బడి హద్దుకు అదే రాయి ఆధారం అవుతుందని అప్పుడెవరైనా చెబితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

సూరమ్మ గారి బాతు ఈ రోజు మా పడవలో గుడ్డు పెట్టింది. పడవ గురించి శాసనంలో ఏమీ రాయలేదు. వేయించుకుని తిన్నాం.

పంతొమ్మిదో రోజు

రెండో రాయి, మూడో రాయి కూడా అయ్యాయి. ఆగ్నేయం రాయి బురదలో మెడదాకా దిగిపోయి ఉందట, నాలుగు మునకలు పట్టింది. వాయవ్యం రాయి మాత్రం పాత పంచాయతీ ఆఫీసు గోడను ఆనుకుని ఉంది. బావ దగ్గుతున్నాడు. రెండు రోజులు ఆగుదామన్నాను. అక్కర్లేదన్నాడు.

మూడో రాయి దగ్గర ఆయన కిందికెళ్ళి రెండు వందల ఇరవై దాకా రాలేదు. మోకు లాగబోయాను. తేలాక ఏమైందని అడిగితే, పంచాయతీ ఆఫీసు కిటికీ తలుపు ఊగుతుంటే గడియ పెట్టి వచ్చానన్నాడు. ముప్పై తొమ్మిదేళ్ళుగా నీళ్ళలో ఉన్న కిటికీకి.

అప్పుడు మాకు ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట, నాకు ఇరవై ఒకటి, మేమిద్దరం వలకు వెళ్ళాం. నేను కావాలని నీళ్ళలో పడి, పడవ కింద నక్కి, తూటికాడ గొట్టంతో గాలి పీలుస్తూ కూర్చున్నాను. బావ నాకోసం పదకొండుసార్లు మునిగాడు. పన్నెండోసారి మునగబోతూ మా అక్క పేరు పెట్టి ఏడ్చాడు. అప్పుడు తల బయటపెట్టి నవ్వాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ‘ఎప్పుడో ఒకనాడు నీకూ సూపిత్తానురా బూసణం’ అన్నాడు.

ముప్పై ఏళ్ళయింది, ఏదీ, చూపించలేదేం బావా అని ఈ రోజు అడిగాను. ‘కంగారెందుకురా, ఎక్కడికెల్తాను’ అన్నాడు.

ఇరవై ఏడో రోజు

ఈశాన్యం రాయి కోసం ఆరు రోజులుగా వెతుకుతున్నాం. లేదు.

పాత రెవిన్యూ కాగితంలో నాలుగో రాయి ‘ఉప్పుమళ్ళ అవతల’ అని మాత్రమే ఉంది. ఉప్పుమళ్ళ అవతలికి మా చిన్నప్పుడు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు, వెళ్ళడానికి ఏమీ ఉండేది కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళను ఒక్కొక్కరినే అడిగాను. ఇద్దరు చూశామన్నారు, ఒకరు అటు చెయ్యి చూపించారు, ఒకరు ఇటు. సూరమ్మ గారు తన పెళ్ళిలో ఆ రాయికి పసుపు రాశానని ప్రమాణం చేసింది. ఆవిడ పెళ్ళి మెట్టలో జరిగింది.

అక్కడ లోతు ఏడు బారలు. అడుగంతా మెత్తటి బురద. ఈ ఆరు రోజుల్లో బావ పందొమ్మిదిసార్లు మునిగాడు. పందొమ్మిదిసార్లూ తొలి ఊపిరితో ‘లేదు’ అన్నాడు. పందొమ్మిదీ రాశాను. ఇవి కేసును చంపవు. అరవయ్యో రోజు లోపల ఒక్క ‘ఉంది’ వస్తే చాలు, ముందున్న లేదులన్నీ చెల్లిపోతాయి.

ముప్పై రెండో రోజు

నాలుగో రాయి సంగతి ఏం చెయ్యమంటారని నేను రాసినదానికి హద్దుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. రాసింది అధికారిణి ఎస్తేరు గారు, చేత్తోనే రాశారు. అక్షరం చూడగానే ఈవిడ కూడా చిన్నప్పుడు శిక్షలు పడిన మనిషేననుకున్నాను.

నాలుగో రాయి దొరక్కపోతే దొరికిన మూడింటికీ గీత కలుపుతారట. అంటే మా ఊరు నాలుగు పలకలు కాక మూడు మూలలుగా ఉంటుంది. ఊరి పటం మీద దారం పెట్టి చూశాను. మూడు మూలల లోపల అరవై రెండు తెప్పలు వస్తున్నాయి. పిల్లలు పదకొండుమంది. గీతకు ముప్పై బారల అవతల ఒక్క తెప్ప మిగిలిపోతోంది.

అది దుర్గ తెప్ప.

అంత దూరంగా దుర్గ ఎందుకు కట్టుకుందో ఊళ్ళో అందరికీ తెలుసు, అధికారి గారికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. వాసు ఎక్కిన లాంచీ మలుపు తిరిగేదాకా కనిపించేది ఆ చోటు నుంచే. ఆ రోజు తెప్ప విప్పుకుని అక్కడిదాకా వెళ్ళింది, లాంచీ కనపడకుండా పోయింది, తను మళ్ళీ వెనక్కి రాలేదు. అక్కడే గుంజ పాతి కట్టేసుకుంది. ఎన్నిసార్లు చెప్పినా ఇవతలికి జరగలేదు. ఇప్పుడు జరిగితే ఏడాది లెక్క పోతుంది.

కొడుకును చూడ్డానికి వెళ్ళిన చోటు కూతుర్ని హద్దు బయట పెట్టింది. ఈ సంగతి దుర్గకు పటం చూపించి నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె దారం వైపు చూసింది, వేలితో దాన్ని కాస్త ఇవతలికి జరిపింది, మళ్ళీ యథాస్థానంలో పెట్టేసింది. ‘నాన్న కిందకి దిగుతూనే ఉన్నాడుగా మావయ్యా’ అని మాత్రం అంది.

దుర్గే మా బడికి కాబోయే టీచరు. బడి తెప్ప తయారవుతోంది. పన్నెండు డ్రమ్ములు, పైన తాటాకు. పన్నెండు పీటలు చేయించింది.

నలభయ్యో రోజు

బావకు జ్వరం. అయిదు రోజులుగా మునక లేదు. ఈ రోజు తగ్గింది.

ఊరికే ఉండలేక గవ్వకు అక్షరాలు నేర్పుతున్నాను. చెవిపూస ఉండగా ఇదెందుకు తాతా అంది. చెవిపూస నీ మాటను నీకంటే బాగా రాస్తుంది, అదే దాని రోగం అన్నాను. అర్థం కాలేదు. అయితే కోళ్ళకు నేను వేసిన శిక్ష చదవాలని ఉంటే నేర్చుకో అన్నాను. అది అర్థమైంది.

గవ్వ ‘గ’ రాస్తే బోర్లాపడిన పడవలా ఉంటుంది. ‘వ్వ’ దగ్గరికి వచ్చేసరికి నాలుక బయటపెడుతుంది. వాళ్ళ తాత పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చుని చూస్తున్నాడు. తన పేరు రాయమన్నాడు. పిల్ల ‘ప’ రాసి, దానికి తలకట్టు మర్చిపోయి, ఇది నువ్వే అని చూపించింది. ఆయన ఆ కాగితం మడిచి మొల్లో దోపుకున్నాడు.

నలభై ఆరో రోజు

ఈశాన్యం వైపు మళ్ళీ ఏడు మునకలు. ఏడు లేదులు. ఆయన ఊపిరి నూట అరవైకి పడిపోయింది.

మధ్యాహ్నం ఒడ్డున, అంటే మా తెప్ప అంచున, బావకూ నాకూ మాటా మాటా వచ్చింది. నేనన్నవి ఇక్కడ రాయను. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు. తెగిన వల కన్ను ఒకటి కట్టి, ఇంకొకటి కట్టి, చివరికి అడిగాడు:

‘రేపు పాటు ఎన్నింటికిరా?’

పొద్దున తొమ్మిదింటికి నీళ్ళు బాగా తీస్తాయని చెప్పాను.

నలభై ఏడో రోజు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు సాక్షి మల్లాడి పేరయ్య ఈశాన్య దిక్కున, దుర్గ తెప్పకు నలభై బారల అవతల మునిగాడు. పడవలో నేనొక్కడినే ఉన్నాను; రూలు ప్రకారం దుర్గ పిల్లను తీసుకుని బడి తెప్ప మీదికి వెళ్ళింది. పైకి తేలి, తొలి ఊపిరితో ‘ఉంది’ అన్నాడు. పడవ అంచు మీద తల ఆనించాడు. రెండో ఊపిరి తీసుకోలేదు.

కుడి చెయ్యి మూసి ఉంది. అందులో బురద ఉంది.

నలభై తొమ్మిదో రోజు

నిన్న రాయలేదు. రూలు ప్రకారం ఊళ్ళో మనిషి పోతే మర్నాడే రాయాలి, రాయలేదు, ఏం చేసుకుంటారో చేసుకోండి.

పేరయ్యను మెట్టకు తీసుకెళ్ళి మట్టి చేసి వచ్చాం. మాకు మట్టి లేదు కదా. ఆయన మొలలో మడతపెట్టిన కాగితం ఉంది, తడిసి అక్షరం పోయింది. దుర్గ దాన్ని ఆరబెట్టింది. ఉట్టి కాగితం. పారెయ్యలేదు.

గవ్వ నన్ను అడిగింది, తాత రాయిని చూశాడా అని. చూశాడని చెప్పాను.

అరవయ్యో రోజు

ఎస్తేరు గారు వచ్చారు. పొట్టి మనిషి, కళ్ళజోడు, చెవిపూస లేదు. బడి తెప్ప మీద పీట వేసుకుని పుస్తకం మొదటి నుంచి బయటికే చదివారు. ఊరంతా చుట్టూ చేరింది. బాతు దగ్గర ఆగి తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ చదివారు. హాజరు పట్టీలో మేక దగ్గర పెదవి బిగబట్టుకున్నారు. కిటికీ గడియ దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నలభై ఏడో రోజు రెండుసార్లు చదివారు. రెండోసారి మనసులో.

‘తొలి ఊపిరితోనే అన్నారా భూషణం గారూ?’

‘ఆయ్. తొలి ఊపిరితోనే.’

ఆవిడ ఆ పేజీ మీద వేలు ఉంచి నా వైపు చూశారు. దుర్గ గవ్వ భుజాలు పట్టుకుని నిలబడింది.

‘నేను ఇలాంటి పుస్తకాలు చాలా చదివాను. అబద్ధం రాసేవాళ్ళు ఆ పేజీ దగ్గరే ఎక్కువ రాస్తారు’ అన్నారు. ‘మీ పుస్తకంలో ప్రతి పేజీలోనూ వెటకారం ఉంది. ఈ ఒక్క పేజీలో లేదు. అందుకే నమ్ముతున్నాను.’

ముద్ర వేశారు. పటం మీద నాలుగో చుక్క పెట్టి, దాని పక్కన పేరయ్య రాయి అని చేత్తో రాశారు. గీత దుర్గ తెప్పను దాటి పది బారలు అవతలికి వెళ్ళింది. తేరేటిలంక స్వతంత్ర బడి పరగణా, నాలుగు రాళ్ళు, పన్నెండుమంది పిల్లలు. దుర్గ పీటలు తుడవడం మొదలుపెట్టింది.

ఇదంతా మర్నాడు రాస్తున్నాను. పొద్దున లాంచీ వచ్చింది. కాగితం చూపించాం. వెళ్ళిపోయింది.

ముద్ర తర్వాత

ముద్ర వేసిన పేజీ వెనక ఆరు ఖాళీ పేజీలు మిగిలాయి. ఇవి సర్కారువి కావు. పుస్తకం మాత్రం బడి బీరువాలోనే ఉండాలని రూలు, ఉంది.

ఈ బడిలో మొదటి పాఠం చేతిరాత, అందుకని చెవిపూసలు బయటే తీసిపెట్టి రావాలి. నేర్పేది నేనే. ఏడో తరగతి సగం చదివినవాడిని మేష్టరు చేశారంటే ఈ పరగణా ఎంత స్వతంత్రమో చూడండి. రెండో పాఠం హద్దులు. పన్నెండుమందీ రోజూ పొద్దున్నే వరసగా నిలబడి, నైరుతి రేవు రాయి, ఆగ్నేయం బురద రాయి, వాయవ్యం పంచాయతీ రాయి, ఈశాన్యం పేరయ్య రాయి అని అప్పజెబుతారు. ఆఖరిది గవ్వ అందరికంటే గట్టిగా అంటుంది.

గవ్వకు ఇప్పుడు గుణింతాలు వస్తున్నాయి. ‘గ’ పడవ నిటారుగా నిలబడింది. మరో ఏడాదికి కూడబలుక్కుని చదువుతుంది. ఈ పుస్తకం మొదటి పేజీలో బాతు ఉందని దానికి తెలుసు. బీరువా తాళం ఎక్కడ పెడతానో కూడా తెలుసు. తాళం చోటు మార్చాలని మూడుసార్లు అనుకున్నాను. ఈ పేజీలు చింపాలనీ అనుకున్నాను. వాళ్ళ తాత ఏమంటాడోనని ఆగిపోయాను.

కాబట్టి గవ్వా, ఇది నీకు.

నలభై ఆరో రోజున మీ తాతతో నేనన్న మాటలు ఇవి: ‘ఒక్కసారి ఉంది అను బావా, ఎవడు చూశాడు?’ అన్నాను. ఆయన, ‘నేను అనడం ఏంటిరా, పైకొచ్చాక నోట్లోంచి అదే ఒచ్చేత్తాది’ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ‘అయితే పిల్ల లాంచీ ఎక్కేటప్పుడు నువ్వే చెయ్యి పట్టుకుని ఎక్కించు. అప్పుడూ నిజమే చెప్పు, నేనే పంపుతున్నానమ్మా అని చెప్పు’ అన్నాను. ఆ మాటకే ఆయన పాటు ఎన్నింటికి అని అడిగాడు.

పొద్దున మునిగాడు. నూట అరవై దాటింది. రెండు వందలు దాటింది. మోకు వదులుగా ఉంది. అప్పుడు పడవ పక్కన ఒక తూటికాడ తేలుతూ కనిపించింది. ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన కాడ. నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఇవాళా చూపించేది అనుకున్నాను. నిన్న అన్నన్ని మాటలన్నాను కదా, ఏడిపించి వదిలేద్దామని పడవ కింద నక్కాడనుకున్నాను. ‘బావా, తూటికాడ కనిపిస్తోందిలే, బయటికి రా’ అని పడవ బద్దల మీద కొట్టాను. కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎంతసేపు ఉంటాడో చూద్దామని లెక్కపెట్టాను. మూడు వందల నలభై దాకా నవ్వుతూనే లెక్కపెట్టాను.

వేళాకోళం ఆడడం ఆయనకు చేతకాదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు.

మోకు లాగితే బరువుగా వచ్చాడు. చేతిలో బురద ఉందని రాసింది నిజం. ఏడు బారల కింద ఎక్కడ పట్టుకున్నా అదే బురద. వేళ్ళు విడదీసి దాన్ని నలిపి చూశాను, రాతి నలుసు ఏమైనా తగులుతుందేమోనని. చాలాసేపు నలిపాను.

యంత్రాలు అబద్ధమాడుతున్నాయని మనుషుల చేతిరాతను నమ్మారు. ఆ చేతితో, అయిదు వందలసార్లు ‘ఇకపై ఇలా చేయను’ అని రాసిన చేతితో, నేను ఆ పేజీ రాశాను. జీవితంలో ఒక్క పులుసు గురించి తప్ప అబద్ధమాడని మనిషి చేత, పోయాక ఆడించాను. నువ్వు పొద్దున పాఠం గట్టిగా అప్పజెప్పినప్పుడల్లా నేను బడి తెప్ప చివర మోకులు సరిచేస్తున్నట్టు నటిస్తుంటాను, చూసే ఉంటావు.

ఇది చదివాక ఎస్తేరు గారికి చూపిస్తావో, బీరువాలో పెట్టేస్తావో నీ ఇష్టం. అప్పటికి నీకు చదవడం వచ్చి ఉంటుంది.

మీ తాత పైకి వచ్చేసరికి ఆయనలో ఊపిరి లేదమ్మా. తొలి ఊపిరే లేదు. ‘ఉంది’ అని ఆయన అనలేదు. ఆ ఒక్క మాట నేను కల్పించి రాశాను.